ఒకే చిరునామా

మొదటి యాప్ నన్ను భాష అడిగింది.
ఎన్నైనా నొక్కొచ్చట.
పర్లాకిమిడిలో నాది మూడు మిషన్ల దుకాణం,
మూడు మిషన్ల మీదా మూడు భాషలు.
నేను తెలుగు నొక్కాను.
బలంగీర్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన మినతి
నా భుజం మీదుగా వేలు చాచి ఒడియా నొక్కింది.
రూత్ రైకా ఆ జాబితాని కిందిదాకా లాగింది,
మళ్ళీ పైదాకా లాగింది,
ఏమీ అనకుండా వెళ్ళి కాజాలు కుట్టుకుంది.
సవరకి అక్కడ గడి లేదు.

ఒక నెల ఉచితం, ఆపైన నూట పంతొమ్మిది.
నాకు రూపాయల్లో లెక్క తెగదు.
ఫాలు వేసి పికో కొడితే చీరకి అరవై,
అంటే రెండు చీరలు, ఒక రూపాయి వాపసు.
రెండో యాప్ తొంభై తొమ్మిది,
చీరన్నర పైచిలుకు.
అర చీరకి ఫాలు ఎవరు వేయించుకుంటారు?
మూడోది పైసా అడగదు గానీ
పాట చరణంలోకి దిగే వేళకి
హిందీలో సిమెంటు అమ్ముతుంది.

మినతికి మొదటిదే కావాలి,
అందులో వాళ్ళ సంబల్పురి డప్పులున్నాయి.
నాకు రెండోది,
పాత రికార్డు మీద ముల్లు గీరుకున్న చప్పుడుతో సహా
నా చిన్నప్పటి పాటలున్నాయి.
గుడ్డయితే కొనేముందు వేళ్ళ మధ్య నలిపి చూస్తాం.
పాటని ఎక్కడ పట్టుకుని నలపాలి?

అప్పుడే పాతపట్నం నుంచి తమ్ముడు గవర్రాజు ఫోను.
పంక్చర్లు వేసుకుంటూ వింటాడట.
"కుటుంబం ప్లాను తీసుకోవే అప్పా,
ఆరుగురికి ఒకటే డబ్బు."
తీరా చూస్తే ఆరుగురూ ఒకే చిరునామాలో ఉండాలి.
వాడు వాడిది కొట్టాడు,
కాదంది.

వాడి కొట్టుకీ నా దుకాణానికీ మధ్య
ఒక ఆటో, ఒక చెక్‌పోస్టు, ఒక రాష్ట్రం.
మా తాత ఈ రెండూళ్ళూ నడిచి చీరలమ్మాడు,
మూట దింపమన్నారు గానీ
పిన్‌కోడ్ ఎవరూ చెప్పమన్లేదు.

అబద్ధం రాయొచ్చు,
తమ్ముడు నా ఇంట్లోనే ఉంటున్నాడని.
రాయలేదు.
ఉమ్మడి కాగితాలు విడగొట్టుకున్న ఏడాది
నెల రోజులు మాటల్లేవు మాకు.
ఇప్పుడు పాటల కోసం మళ్ళీ ఒక కప్పు కింద చేరితే
వాడి పెళ్ళాం ఏమంటుందో.

నేనిలా తూకాలేస్తుంటే
అసలు బేరం బల్ల కింద తెగిపోయింది.
అక్కడుండే స్పీకరు డబ్బా
పొద్దున్నే ఎవరి ఫోను ముందు కనబడితే
దానికి అతుక్కుంటుంది.
షట్టరు ఎత్తేది రూత్,
గుమ్మ కొండల నుంచి తొలి జీపులో దిగుతుంది.
దాని ఫోన్లో ఏ యాపూ లేదు.
మెమరీ కార్డులో పదకొండు పాటలు,
చర్చి వెనక ఎవరో పట్టినవి,
ఒక పసివాడి దగ్గు, ఒక కోడి.
మాటలు నాకు తెలీవు.
నాలుగో పాటలో కోడి ఎక్కడ కూస్తుందో తెలుసు,
అక్కడికొచ్చేసరికి తొక్కుడు మీద నా కాలు
తనంతట తనే ఆగుతుంది.

సోమవారం మినతి ఏడింటికే వచ్చి
షట్టరు ముందు ఫోను పట్టుకు నిలబడింది.
మంగళవారం నేను, రెండో తాళంచెవి నాదే కదా, ఆరున్నరకి.
బుధవారం జీపు రాకముందే ఇద్దరమూ ఉన్నాం.
రూత్ దిగింది, చూసింది,
చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ దసరాకి జాకెట్లన్నీ
చెప్పిన రోజుకే ఇచ్చానని
బజారంతా వింతగా చెప్పుకున్నారు.

ఉచిత నెల ఇరవై ఏడుతో సరి.
రద్దు చెయ్యడానికి ఎక్కడ నొక్కాలో
రూత్‌కే తెలుసు, అడగాలి.
ఈలోగా సాయంత్రాలు గవర్రాజుకి ఫోను కలిపి
డబ్బా పక్కన పెట్టి నా కుట్టు నేను కుట్టుకుంటున్నాను.
"వినబడతందా?"
"వినబడతంది.
ఆ కోడిది మళ్ళీ ఎయ్యి."